నలభై రెండో రోజు

(మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో జరిగిన మహిళా బచత్ గట్ల, అంటే పొదుపు సంఘాల, సమావేశంలో, స్వచ్ఛంద వ్యసన విముక్తి కేంద్రం తరఫున ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్ళకు, వెనక గోడవారగా నిలబడిన అన్నదమ్ములకు నమస్కారం. ముందు చాప ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి. ఎవరినీ పేరు పెట్టి పిలవను, ఎవరినీ లేపి ప్రశ్నలు అడగను. ఆ మాట ముందే ఇస్తున్నాను.

మందు మాన్పించే మన కేంద్రం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కాని అంతకన్నా ముందు మా పెద్దన్న గురించి చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చింది ఆయన పోయిన తీరు వల్లనే.

మా పెద్దన్న పడవ నడిపేవాడు. వంతెన లేని రోజులవి. ఇటు ఒడ్డు మనది, అటు ఒడ్డు కాళేశ్వరం. పెళ్ళివారు, మేకలు, బియ్యం బస్తాలు, నదిలో కలపడానికి తెచ్చిన అస్థికలు, అన్నీ ఆయన పడవలోనే దాటేవి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట నీటికి సుడి ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. సాయంత్రం అలసటకని మొదలుపెట్టిన సారా, కొన్నేళ్ళకు పొద్దున్నే పళ్ళు తోమకముందు కావలసి వచ్చింది. తాగకపోతే చేతులు వణికి, టీ గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. ఒక గుక్క పడితే వణుకు ఆగేది. మన తెలుగులో సారానూ మందే అంటాం, జ్వరానికి వేసుకునే గోళీనీ మందే అంటాం. ఆ పొద్దుటి గుక్క మా అన్నకు నిజంగానే మందులా పనిచేసేది. అదే పెద్ద ప్రమాద సూచన అని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక శివరాత్రికి మా అవ్వ ఆయన్ను కాళేశ్వరం తీసుకెళ్ళింది. ఒకే పానవట్టం మీద ఉన్న కాలుడి ముందూ ముక్తేశ్వరుడి ముందూ ఒట్టు వేయించింది. ఆయన మనస్ఫూర్తిగానే వేశాడు. ఇంటికి వచ్చాక బాపు గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టాడు. ‘నాలుగు రోజులు బిగబడితే గండం గడుస్తుంది’ అన్నాడు. అందులో కోపం లేదు, ప్రేమే ఉంది. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. తలుపు దగ్గర కూర్చుని, అన్న పిలిస్తే మజ్జిగ అందించడం నా పని.

మొదటి రాత్రి ఒళ్ళంతా చెమటలు, నిద్ర లేదు. రెండో రోజు మూర్ఛ వచ్చింది. ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఆగింది. మూడో రోజు గోడల మీద చీమలు పాకుతున్నాయన్నాడు. గోడల మీద ఏమీ లేదు. ఆ రాత్రి గది మధ్యలో నిలబడి, చేతిలో గడ లేకపోయినా పడవ గడ వేస్తున్నట్టు చేతులు ఆడించాడు. కిటికీ చువ్వల్లోంచి చూశాను. ‘చిట్టీ, గుంజకు తాడు కట్టు, నీళ్ళు లోపలికి వస్తున్నాయి’ అన్నాడు. నేను ‘కట్టాను అన్నా’ అన్నాను. మళ్ళీ మళ్ళీ అడిగాడు, మళ్ళీ మళ్ళీ కట్టానన్నాను. గాలి సోకిందని ఎవరినో పిలవడానికి మనుషులు వెళ్ళారు. తెల్లవారకముందే లోపల చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయాడనుకున్నాం.

ఐదేళ్ళ తర్వాత నర్సు శిక్షణలో ఉండగా, ఒక మధ్యాహ్నం పాఠంలో మేడమ్ బల్ల మీద రాస్తూ చెప్పారు. చాలా ఏళ్ళు రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజు వణుకు, చెమట, వాంతి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి తీవ్రమైన మతిభ్రమణం. లేనివి కనిపిస్తాయి, కొందరు తమ రోజువారీ పనిని గాలిలోనే చేస్తుంటారు, దర్జీ అయితే సూది గుచ్చుతున్నట్టు, డ్రైవరైతే స్టీరింగు తిప్పుతున్నట్టు. చికిత్స లేకపోతే ప్రాణం పోతుంది. దానికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరు. నేను పుస్తకం మూసి బయటికి వెళ్ళిపోయాను. మా అన్నకు పట్టింది గాలి కాదు. ఆస్పత్రిలో రెండు మూడు రకాల మామూలు మందులతో తగ్గే జబ్బు.

అందుకని నేను ఎక్కడ మాట్లాడినా మొదట చెప్పేది ఇదే. రోజూ తాగే మనిషి, పొద్దున్నే తాగే మనిషి, తాగకపోతే వణికే మనిషి మానేస్తానంటే సంతోషించండి. ఒట్టు వేస్తానంటే వేయనివ్వండి. కాని గదిలో పెట్టి తాళం వేయకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఇంతకుముందు ఆపినప్పుడు మూర్ఛ వచ్చిన మనిషైతే అసలు ఆలస్యం చేయవద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు ఒక్కసారిగా మూసినప్పుడు హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు ఎలా వచ్చిపడ్డారో పత్రికల్లో చూసే ఉంటారు. వారెవరూ మానాలనుకుని మానినవారు కారు. శరీరానికి ఆ తేడా తెలియదు. ఒట్టు వేసి ఆపినా, దుకాణం మూసి ఆపినా దానికి ఒక్కటే.

కల్లు సంగతీ చెప్పాలి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు. మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజెపామ్ కలిపిన కల్తీ కల్లు వేరు. అది ఆపినా ఇదే తీరు, మూర్ఛలు, పిచ్చి చూపులు. ‘కల్లే కదా’ అని ఆలస్యం చేయకండి.

ఆస్పత్రిలో ఏం చేస్తారంటే, వణుకునూ మూర్ఛనూ ఆపే మందులు ముందు ఎక్కువగా ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. కాలేయం చెడినవారికి ఏ మందు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో డాక్టరే చూసుకోవాలి. దుకాణంలో కొని వేసే మందులు కావవి. ఇంకొకటి, మన ఊళ్ళలో నీరసంగా ఉంటే ‘సెలైన్ పెట్టించండి’ అంటాం. బాగా తాగే మనిషి ఒంట్లో బి1 విటమిను, అంటే థయామిన్, అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముందు బి1 ఇంజెక్షను, ఆ తర్వాతే గ్లూకోజు. ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టిస్తుంటే ఈ ఒక్క మాట అడగండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంతవరకు వైద్యం. వారం పది రోజుల్లో వణుకు పోయింది, ఆకలి పుట్టింది, ముఖం తేరుకుంది. మనిషి ఇంటికి వచ్చాడు. తర్వాత?

మన ఊళ్ళలో అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళను చూడండి. ఏడాదంతా తాగినవాడు ఆ నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. ఒక్క విషయం మధ్యలో చెప్పాలి, రోజూ బాగా తాగేవాళ్ళు మాల వేసుకునే ముందు డాక్టరును కలవాలి, మా అన్న కథ మళ్ళీ జరగకూడదు. సరే, ఆ నలభై ఒక్క రోజులు ఎలా ఆగగలుగుతున్నాడు? చాలామంది దేవుడి భయం అంటారు. భయం ఉంటుంది, కాని నేను గమనించింది చెబుతాను. నల్లబట్ట కట్టుకోగానే ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది. నిన్నటిదాకా ‘ఒరే తాగుబోతూ’ అన్న నోరే ‘స్వామీ, భిక్షకు రండి’ అంటుంది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, పొద్దునా సాయంత్రం పూజ, రాత్రి భజన. రోజులో ఒక్క గంట ఖాళీ ఉండదు. పక్కన తనలాంటివారు పదిమంది. పాత స్నేహితులు కూడా ‘స్వామి మాలలో ఉన్నాడు’ అని దూరంగా తాగుతారు, దగ్గరికి పిలవరు. పెళ్ళాం వేరే గ్లాసు, వేరే చాప ఇస్తుంది. పిల్లలు నాన్న దగ్గర భయం లేకుండా కూర్చుంటారు.

నలభై రెండో రోజు మాల తీసేస్తాడు. ఆ క్షణం నుంచి స్వామి అనే పిలుపు ఉండదు. భిక్ష ఉండదు, భజన ఉండదు, పక్కన పదిమంది ఉండరు. పాత పేరు, పాత సందు, పాత స్నేహితులు. వాడి ఒంట్లో మందు లేదు, కాని చుట్టూ ఉన్నదంతా మందే. అక్కడ పడిపోతాడు. పడిపోతే ‘దేవుడికే మాట తప్పాడు, వీడు మనిషి కాడు’ అంటాం.

మా కేంద్రం ఆ నలభై రెండో రోజు కోసం. ఒళ్ళు శుభ్రపడే వారం పది రోజులు ప్రభుత్వాస్పత్రి చూసుకుంటుంది, చూసుకోవాలి. మాకు ఉన్నది ఒక అద్దె ఇల్లు, ముందు వసారా, వెనక వంటగది. రాత్రి పొద్దుపోయాక తలుపు తట్టినా తీసే మనిషి ఒకరు ఉంటారు. సాయంత్రం ఏడింటికి వసారాలో చాపలు వేస్తాం. మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు కూర్చుంటారు. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. ఆ రోజు ఎలా గడిచిందో చెప్పుకుంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుడు మనుషులు కలిసి మాట్లాడుకున్న మాటల్లోంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. వారిలో ఒకరు షేర్లు, పెట్టుబడుల వ్యాపారి, ఇంకొకరు శస్త్రవైద్యుడు. తాగాలన్న ఆరాటంలో ఉన్న మనిషికి అదే బాధ పడిన మరో మనిషితో మాట్లాడితే ఆ గంట దాటుతుందని వారికి తెలిసింది. మన వసారాలో జరిగేదీ అదే. అక్కడ చదువుకున్నవాడు, చదువుకోనివాడు అని లేదు. పడవ నడిపినవాడు, ట్రాక్టరు నడిపేవాడు, పంతులు, కూలీ, అందరూ ఒకే చాప మీద.

ఇక భాష సంగతి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

మనం మహారాష్ట్రలో ఉన్నాం. మన కాగితాలు మరాఠీలో ఉంటాయి, బడి మరాఠీలో ఉంటుంది, తహసీలు కచేరీలో మరాఠీ మాట్లాడతాం. అందులో కష్టమేమీ లేదు, మరాఠీ మన భాషే. కాని ఇంట్లో ఏడ్చేది తెలుగులో. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. అంతకన్నా దూరంగా ఒక ఊళ్ళో ఉన్న కేంద్రానికి మన తాలూకా నుంచి ఒక ట్రాక్టరు డ్రైవరును వాళ్ళ బావ తీసుకెళ్ళి చేర్పించాడు. ఆ కేంద్రం చెడ్డది కాదు, బాగానే చూసుకున్నారు. రోజూ కౌన్సెలరు ఎదురుగా కూర్చుని మరాఠీలో ‘ఎలా ఉన్నావు, ఇంట్లో ఏమనిపిస్తోంది’ అని అడిగేవాడు. ఇతను ‘ఠీక్ ఆహే’, అంటే బాగానే ఉంది, అనేవాడు. ఇంటిని గురించి, పెళ్ళాన్ని గురించి, కోపాన్ని గురించి ఏమడిగినా ముప్పై రోజులూ ‘ఠీక్ ఆహే’. కాగితంలో బాగా సహకరించాడని రాసి పంపారు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు తాగాడు.

మా వసారాకు వచ్చాక కూడా ఇతను చాలా రోజులు మాట్లాడలేదు. మూలన కూర్చుని చాప అంచు పోచలు పీకేవాడు. నేను ఏమీ అనలేదు. ఆ చాప ఇప్పటికీ ఉంది, ఒక మూల అంచు లేదు. ఒక సాయంత్రం పక్కనున్న ముసలాయన తన కొడుకు గురించి ఏదో చెబుతుంటే, ఇతను తల ఎత్తకుండా అన్నాడు. ‘నా బిడ్డ నా చెప్పుల చప్పుడు వినగానే దీపం ఆర్పేస్తుంది. చదువుకుంటూ ఉంటుంది పాపం. నిద్రపోయినట్టు పడుకుంటుంది. గుమ్మంలోకి వచ్చేటప్పటికి చీకటి. ఆ చీకటి నా వల్లేనని నాకు తెలుసు.’ అంతే అన్నాడు. ముసలాయన తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

ఈ మాట అతను నేర్చుకున్న భాషలో ఎలా చెబుతాడు? జ్వరం, నొప్పి, వాంతి, ఇవి ఏ భాషలోనైనా చెప్పవచ్చు. పెళ్ళాన్ని కొట్టాను, బిడ్డ దాచుకున్న డబ్బు తీశాను, అవ్వ చచ్చిపోయిన రోజు కూడా తాగి ఉన్నాను, ఇలాంటివి మనిషి తన భాషలోనే చెప్పగలడు. అది కూడా గొంతు పెగిలితే. ఈ చికిత్సలో మాట్లాడించడమే సగానికి పైగా వైద్యం. అందుకనే మన సరిహద్దు తాలూకాల్లో తెలుగులో కూర్చుని వినే మనిషి ఉండాలని నేను పట్టుబడుతున్నాను. ఇక్కడి ఆదివాసుల భాష మాడియా మాట్లాడే ఊళ్ళకు మాడియాలో వినే మనిషి ఉండాలి. మా కేంద్రంలో అలాంటి తమ్ముడు ఒకడు ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్నాడు.

దేశం మొత్తం మీద 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ వైద్యులతో చేయించిన సర్వే ఒకటి వచ్చింది. తాగుడు వల్ల సాయం అవసరమయ్యే స్థితికి వచ్చినవారు 5.7 కోట్ల మంది అని తేల్చారు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని కూడా అందులోనే ఉంది. మిగిలిన ముప్పై ఏడుగురు ఎక్కడున్నారు? మన ఇళ్ళలో ఉన్నారు, గొళ్ళెం పెట్టిన గదుల్లో ఉన్నారు.

చేసి చూపించినవాళ్ళు లేకపోలేదు. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలోంచే 1980లో ఆయన పేరు మీద చికిత్సా సంస్థ పెట్టారు. అప్పట్లో ఇది జబ్బు అని చెబితే నమ్మేవారే తక్కువ. పుణేలో అవచట్ దంపతులు 1986లో ముక్తాంగణ్ అనే వ్యసన విముక్తి కేంద్రం మొదలుపెట్టారు. మన గడ్చిరోలి జిల్లాలోనే అభయ్ బంగ్, రాణీ బంగ్ గారి ‘సర్చ్’ సంస్థ, ప్రభుత్వమూ టాటా ట్రస్టులూ కలిసి 2016లో ముక్తిపథ్ పని మొదలుపెట్టాయి. ఊళ్ళలో మహిళా సంఘాలు, తాలూకాల్లో చికిత్స, రెండూ అందులో ఉన్నాయి. వీళ్ళందరి దగ్గరా మేము నేర్చుకున్నాం, నేర్చుకుంటున్నాం.

మద్య నిషేధం గురించి మాట్లాడకుండా ఈ జిల్లాలో తాగుడు గురించి మాట్లాడలేం. అటు నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. అదే 1993లో మన గడ్చిరోలి జిల్లాలో మద్య నిషేధం వచ్చింది. ఆంధ్రలో 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. మన పక్క చంద్రపూర్ జిల్లాలో 2015లో వచ్చింది, 2021లో ఎత్తేశారు. మనది మాత్రం నిలిచింది. ఇక్కడ కూర్చున్న అవ్వలు ఆ రోజుల్లో కుండలు పగలగొట్టినవాళ్ళే. నేను నిషేధం వైపే ఉన్నాను. సీసా కళ్ళెదుట లేకపోతే మానినవాడికి ఆ సాయంత్రం గడవడం సులువవుతుంది. కాని నది అటు ఒడ్డున దుకాణాలు తెరిచే ఉన్నాయి, ఇప్పుడు వంతెన కూడా ఉంది. ఊళ్ళో దొంగచాటుగా దొరికేది ఏమి కలిపి కాచారో తెలియని గుడుంబా. నిషేధం కొత్తగా తాగేవాళ్ళను తగ్గిస్తుంది. అప్పటికే బానిసైనవాడి వణుకుకు నిషేధం దగ్గర జవాబు లేదు. కుండ పగలగొట్టిన చేత్తోనే ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పటివరకు మనం మొదటి పని బాగా చేశాం.

ఎవరికి ఎంతవరకు ముదిరిందో తెలుసుకోవడానికి డాక్టర్లు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు పుట్టిందా? తప్పు చేస్తున్నానని లోపల గుచ్చుకుందా? కళ్ళు తెరవగానే వణుకు పోవడానికి తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునని వస్తే డాక్టరును కలవాల్సిన సమయం వచ్చినట్టే. భర్తల తరఫున మీరు జవాబు చెప్పకండి. ఇంటికి వెళ్ళి, మామూలుగా ఉన్న పూట, మెల్లగా అడగండి.

అక్కలు నన్ను పక్కకు పిలిచి తరచూ అడిగేది ఒకటుంది. ‘అమ్మా, తెలియకుండా కూరలో కలిపే మందు ఉందట కదా.’ గోడల మీద రాసి ఉంటుంది, నేనూ చూశాను. అందులో ఏముందో రాయనివి చాలా ఉన్నాయి. డైసల్ఫిరామ్ అని డాక్టర్లు వాడే మందు ఒకటి నిజంగానే ఉంది. అది వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉండడానికి, మనిషికి పూర్తిగా చెప్పి, పరీక్షలు చేసి ఇస్తారు. చెప్పకుండా కలిపితే, ఆయన బయట తాగి వస్తే, మీ చేతి కూర తిన్న మనిషి మీ కళ్ళెదుటే ప్రాణాపాయంలో పడతాడు. బతికినా ఇంకెప్పుడూ మీ చేతి అన్నం నమ్మి తినడు. నా దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలికి అలా జరిగింది. ఆయన ఇప్పుడు తాగడం లేదు, కాని అన్నం తానే వండుకుంటాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. తాగాలనే ఆరాటాన్ని తగ్గించే మందులు వేరే ఉన్నాయి, నాల్ట్రెక్సోన్ వంటివి. ఆయన్ను తీసుకునే రండి, డాక్టరు ఎదురుగా మాట్లాడదాం.

డబ్బు తీసుకుని మనుషుల్ని బంధించే చోట్లు కూడా ఉన్నాయి. పేరు ఏదైనా కావచ్చు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి అనే చోట మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఏ రోగినీ ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. తాగుడు, మాదకద్రవ్యాల వల్ల వచ్చిన స్థితి కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. మీ మనిషిని ఎక్కడైనా చేర్చే ముందు లోపలికి వెళ్ళి చూడండి. డాక్టరు ఎప్పుడు వస్తారు, రాత్రి నర్సు ఉంటుందా, రిజిస్ట్రేషను కాగితం ఏది, నేను ఎప్పుడు వచ్చి చూడవచ్చు అని అడగండి. ‘నెల దాకా రావద్దు, ఫోను చేయవద్దు’ అని జవాబు వస్తే ఆ గుమ్మంలోంచే వెనక్కి తిరగండి.

ఖర్రా గురించి కూడా చెప్పమన్నారు. వక్క, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో నలిపి బుగ్గన పెట్టుకునేది మగవాళ్ళొక్కరే కాదు, ఈ చాపల మీదా చాలామందే ఉన్నారు. మీ చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా నోట్లో పెట్టి చూడండి. మూడు వేళ్ళు పట్టకపోతే నోరు బిగుసుకుపోతోందని అనుమానించాలి. దంతవైద్యుడికి చూపించండి. మిగతాది ఇంకో రోజు మాట్లాడుకుందాం, అది పెద్ద కథ.

మానినవాడు మళ్ళీ తాగుతాడు. అందరూ తాగరు, చాలామంది ఒకసారైనా తాగుతారు. ఎప్పుడు తాగుతారో చూస్తే మన ఊరి కాలెండరే కనిపిస్తుంది. ఇప్పపువ్వు రాలే రోజులు. తునికాకు డబ్బులు చేతికొచ్చే రోజులు. మిరపకాయలు ఏరడానికి నది దాటి తెలంగాణకు వెళ్ళినప్పుడు, అక్కడ గుడిసె పక్కనే దుకాణం, కూలి ముట్టిన సాయంత్రం, ఇల్లు గుర్తుకొచ్చే సాయంత్రం. అందుకని మిరప పనులకు వెళ్ళేవాళ్ళను మేం జతలుగా పంపుతున్నాం, మానినవాళ్ళు ఇద్దరు ఒకే గుడిసెలో ఉండేట్టు. రోజూ రాత్రి మా కేంద్రం ఫోనుకు ఒక పిలుపు. ‘అన్నం తిన్నావా’ అని అడుగుతాం. తాగావా అని అడగం. గొంతులోనే తెలిసిపోతుంది.

తాగి వచ్చిన రాత్రి ఏమీ మాట్లాడకండి. ఒట్లు గుర్తు చేయకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. చేయి చేసుకుంటే మాత్రం పిల్లల్ని తీసుకుని బయటపడండి, పక్కింటికి వెళ్ళండి, ఊరి శాంతిభద్రతలు చూసే పోలీసు పాటిల్‌ను పిలవండి. ఓర్చుకోమని నేను ఏ ఆడదానికీ చెప్పను. తెల్లవారాక మాకు కబురు పంపండి. మేమే వస్తాం, మానిన మనిషి ఒకడు సైకిలు మీద వస్తాడు. ఆయన గుమ్మంలో కూర్చుని ‘నాకూ అలాగే అయింది, పద వసారాకు పోదాం’ అంటాడు.

మీ బచత్ గట్లను నేను అడిగేది ఎక్కువేమీ కాదు. ఒక్కో ఊళ్ళో వారానికి ఒక సాయంత్రం ఒక గది, ఒక చాప, ఒక దీపం. సమాజ మందిరమైనా ఫరవాలేదు, బడి వసారా అయినా ఫరవాలేదు. తెలుగులో మాట్లాడే ఒక మానిన మనిషిని మేం పంపుతాం. ఆశా చెల్లెళ్ళు ఎవరికి వణుకు ఉందో చూసి ముందే చెబితే ఆస్పత్రికి మేం తోడు వెళ్తాం. గ్రామసభలో ఈ గది సంగతి తీర్మానంగా రాయించండి. ఇంకొకటి, మానిన మనిషికి ఊళ్ళో ఏదో ఒక పని అప్పగించండి. జాతరలో నీళ్ళ పందిరి చూసుకోవడమో, బడి గంట కొట్టడమో. ‘స్వామీ’ అని పిలవలేకపోయినా, పేరు పెట్టి మర్యాదగా పిలవండి.

ఫోను చేయాలనుకుంటే ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ కేంద్రం నంబరు 14446, డబ్బు పడదు. మనసు బాగోలేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే టెలీ మానస్ 14416.

ప్రశ్నలు ఉన్నవాళ్ళు అడగండి. ఇక్కడ అందరి ముందు అడగలేనివాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. చివరి బస్సు వెళ్ళేదాకా అక్కడే ఉంటాను.